సైమనైజ్ డబ్బా

(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు ఫోను చేసి, "మాస్టారూ, ఈసారి మీరు పది నిమిషాలు మాట్లాడాలి" అన్నారు. పోతన గురించో, త్యాగరాజస్వామి గురించో మాట్లాడమంటారేమోనని గుండె ఝల్లుమన్నది. నా తెలుగు సాయంకాలపు తరగతి తెలుగు. యాభై రెండేళ్ళ వయస్సులో పలక పట్టినవాణ్ణి. ముప్ఫై ఏళ్ళు బడిలో ఇంగ్లీషులో లెక్కలు చెప్పి, ఆ తరువాత "అ, ఆ"లకు వచ్చాను. అందుచేత నాకు బాగా తెలిసిన వస్తువు ఒకటి వెంట తెచ్చుకున్నాను. మాట తడబడితే దీనిని చూపించి తప్పించుకోవచ్చును.

ఇదిగో, ఈ రేకు డబ్బా. వెనక కూర్చున్నవారికి కనిపించకపోవచ్చు. మా నాయన కారుకు పూసిన సైమనైజ్ మైనం ఇందులో ఉండేది. నాతోటి వయస్సువారు ఇప్పుడే చిన్నగా నవ్వారు, చూశాను. వారి ఇళ్ళలోకూడా ఇటువంటిది ఒకటి ఉండే ఉంటుంది. మేకులు వేసుకోవటానికో, బొత్తాలు దాచుకోవటానికో పనికివచ్చి ఉంటుంది.

ముందు మా ఇంటి సంగతి రెండు మాటల్లో చెబుతాను. మా తాత 1909లో ఉత్తర ఆర్కాటు జిల్లానుంచి మదరాసు రేవుకు నడిచివచ్చి, ఓడ ఎక్కి, నాటాలులో దిగాడు. నార్త్ కోస్టులో చెరకుతోటలో పని. 1911లో ఆ గిరిమిట్ల రాకపోకలు ఆగిపోయాయి కనుక, మా తాత వచ్చినవారిలో చివరివరుసవాడు. మా నాయన అక్కడే పుట్టి, చెరకు నరకటం ఇష్టంలేక డర్బన్ చేరి, మోటారు నడపటం నేర్చుకున్నాడు. 1950నుంచి 1978దాకా బెరియా గుట్టమీద ఒక డాక్టరుగారి దగ్గర డ్రైవరు. డాక్టరుగారికి నల్లటి హంబర్ కారు ఉండేది. దానిని నడపటం పనిలో సగమే. తక్కిన సగం దానికి మెరుగు పెట్టటం.

మేము అప్పుడు కేటో మేనర్‌లో ఉండేవాళ్ళం. రేకుల ఇల్లు, ముందు మామిడిచెట్టు. అక్కడనుంచి నాయన నడిచి పనికి వెళ్ళేవాడు. 1950నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం క్రింద ఆ ప్రాంతమంతా తెల్లవారికి కేటాయించారు. 1965లో మమ్మల్ని చాట్స్‌వర్త్‌కు తరలించారు. నాకు అయిదేళ్ళు. ఆ తరువాత నాయన తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి బస్సు పట్టుకోవలసి వచ్చింది. సామాన్లు లారీకెక్కించిన రోజున అమ్మ దీపపు కుందెలు చీరలో చుట్టుకుని ఒడిలో పెట్టుకున్నది. నాయన ఒడిలో ఒక అట్టపెట్టె ఉన్నది. అందులో ఇటువంటి డబ్బాలు మూడు, గుడ్డలు.

ఆ డబ్బాలు ఎక్కడివని మీరు అడగవచ్చు. కొత్తవి కొనే స్తోమత మాకు లేదు. మైనం అడుగంటితే డాక్టరుగారు ఆ డబ్బాను పారవేయమనేవారు. నాయన దానిని అడిగి ఇంటికి తెచ్చుకునేవాడు. అంచులకు పట్టి ఎండిపోయిన మైనాన్ని చెంచాతో గీకి, రెండుమూడు డబ్బాలది ఒకచోట చేర్చి, వేడినీళ్ళ గిన్నెలో ఆ డబ్బాను నిలబెట్టి కరిగించేవాడు. పొయ్యి ఆర్పి, గిన్నె ఆరుబయటికి తెచ్చిన తరువాతనే టర్పెంటయిన్ నాలుగు చుక్కలు పోసేవాడు. నిప్పు దగ్గర ఆ పని చేస్తే ఇల్లు అంటుకుంటుందని అమ్మ కాపలా కూర్చునేది. ఈ పిచ్చి మనిషికి కారు కూడా లేదే, మైనం ఎవరికి అని ఆమె బాధ. నిజానికి మాకు కారు వచ్చింది 1968లో. అప్పటికి మూడేళ్ళుగా మైనం సిద్ధంగా ఉన్నది!

కారు మోరిస్ మైనర్. 1957లో తయారైనది, ముదురు ఆకుపచ్చ. మా చేతికి వచ్చేసరికి ఆకుపచ్చ అని నమ్మకంతో చెప్పవలసిన స్థితి. పైన సున్నం కొట్టినట్టు తెల్లగా పాలిపోయి ఉన్నది.

ఇక్కడ కొంచెం పాఠం చెప్పక తప్పదు. ఇన్నేళ్ళు పంతులుగా బ్రతికినవాణ్ణి, అలవాటు పోదు. ఈనాటి కారు రంగుమీద పారదర్శకమైన గట్టి పొర ఒకటి ఉంటుంది. 1980ల తరువాత అది మామూలయింది. అంతకుముందు కార్లకు ఆ పొర లేదు. రంగే నేరుగా ఎండకూ, వానకూ, సముద్రపు ఉప్పుగాలికీ ఎదురు నిలిచేది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు రంగును పట్టి ఉంచే జిగురును చెడగొడతాయి. అప్పుడు పైపైన రంగు సుద్దపొడిలాగ విడిపోతుంది. మా మోరిస్‌కు జరిగింది అదే.

దానికి మందు రెండు మెట్లు. మొదటిది పాలిష్, రెండవది వ్యాక్సు, అంటే మైనం. రెండూ ఒకటేననుకుంటారు చాలామంది. కావు. పాలిష్‌లో మెత్తని గరుకుపొడి ఉంటుంది. అది చచ్చిన రంగును గీకివేస్తుంది. గుడ్డకు కారు రంగు అంటుకుంటుంది. మా అమ్మ ఆ ఆకుపచ్చ గుడ్డ చూసి, "ఉన్న రంగంతా ఊడగొడుతున్నావు" అని గోలపెట్టింది. ఆమె మాటలో న్యాయం ఉన్నది. అంచులమీద అతిగా రుద్దితే రంగుపోయి క్రింది పూత బయటపడుతుంది. మైనం అలా కాదు. అది దేనినీ తీయదు. పైన పలచగా నిలిచి, సన్నని గీతలను పూడ్చి, ఉపరితలాన్ని నునుపు చేస్తుంది. నునుపుగా ఉంటే వెలుతురు చెదిరిపోకుండా తిరిగి వస్తుంది. నీళ్ళు పడితే తామరాకుమీద లాగ పూసలుగా నిలబడతాయి.

ఈ మైనాలలో గట్టిది కార్నౌబా. బ్రెజిల్ దేశపు ఈశాన్య భాగంలో ఒక తాటిజాతి చెట్టు ఉన్నది. అక్కడ వానలులేని నెలలు ఎక్కువ. ఆకులోని తేమ ఆవిరికాకుండా ఆ చెట్టు తన ఆకులమీద తానే మైనం పూసుకుంటుంది. ఆకులు కోసి, ఎండబెట్టి, దులిపితే ఆ మైనం పొడిగా రాలుతుంది. దానిని కరిగించి పెళ్ళలుగా పోస్తారు. తేనెమైనం 62, 64 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర కరిగితే, ఇది 82దాకా కరగదు. ఒంటిగా వాడితే రాయివంటిది, పూయటానికి రాదు. అందుకే టర్పెంటయిన్ వంటి ద్రావకంలో మెత్తబరుస్తారు. మూత తీయగానే ముక్కుకు తగిలే వాసన ఆ ద్రావకానిది. ఆ వాసన తగిలితే ఇప్పటికీ నాకు ఆదివారం ఉదయం అనిపిస్తుంది.

సైమనైజ్ చికాగోలో పుట్టినది. 1910నాటికే సంస్థ ఏర్పడింది. ఆ పేరు ఇంగ్లీషులో క్రియాపదం అయిపోయింది. కారును సైమనైజ్ చేశావా అని అడిగేవారు. మంచి సరుకే, కానీ మనిషిని ఏడిపించేది. ఒకేసారి కారంతా పూశామో, అంతే. ఎండి బిగుసుకుపోతే భుజాలు పడిపోవలసిందే. జానెడు మేర పూయటం, ఆరీఆరకముందే తుడవటం, మళ్ళీ జానెడు. ఆ కష్టం చూసే కాబోలు, అదే చికాగోలో 1940లలో బెన్ హిర్ష్ అనే ఆయన సీసాలో పోసి అమ్మే ద్రవరూపపు మైనం తెచ్చాడు. బేస్‌బాల్ మైదానం బయట నిలిపిన కార్లకు అడగకుండానే ఒక్కొక్క మడ్‌గార్డుకు మెరుగు పెట్టి, యజమాని వచ్చేదాకా ప్రక్కన నిలబడేవాడట. ఒక మడ్‌గార్డు మెరిసి తక్కినవి మాసి ఉంటే ఏ యజమాని ఊరుకుంటాడు? తరువాత ఆయన సరుకుకు టర్టిల్ వ్యాక్స్ అని పేరు వచ్చింది. తాబేలు చిప్ప అంత గట్టిదని. మా నాయనకు టర్టిల్ వ్యాక్స్ అంటే చిన్నచూపు. "చెమట పట్టకపోతే మెరుపు నిలుస్తుందా?" అనేవాడు. అది శాస్త్రం కాదు, ఆయన మొండితనం.

గుడ్డల సంగతి చెప్పి ఇంటిసంగతికి వస్తాను. మా ఊళ్ళో మెరుగు పెట్టటానికి వాడే అల్లికగుడ్డను మటన్ క్లాత్ అంటాము. మాంసం చుట్టటానికి వాడే గుడ్డ కనుక ఆ పేరు. కొత్తదే కదా అని అమ్మ ఇత్తడి దీపాలకు దానిని వాడబోతే, మా అవ్వ "మటను గుడ్డ దేవుడింట్లోకా!" అని గడప దాటనివ్వలేదు. అవ్వ లెక్కలో ఇత్తడికి చింతపండు, బూడిద, కొబ్బరిపీచు. అమ్మ లెక్కలో బ్రాసో. అమ్మ బ్రాసోతో తోమితే, అవ్వ ముక్కు మూసుకుని మళ్ళీ చింతపండుతో తోమేది. మా ఇంట్లో దీపాలకు జరిగినంత మర్యాద మనుషులకు జరగలేదు.

ఆదివారం మోరిస్ వేసుకుని తాతను చూడటానికి నార్త్ కోస్టుకు వెళ్ళేవాళ్ళం. చెరకు కోసేముందు ఎండుటాకు పోవటానికి తోటను తగలబెడతారు, మీలో చాలామందికి తెలుసు. ఆ మసి నల్లటి పీలికలుగా గాలిలో ఎగిరివచ్చి ఆరేసిన బట్టలమీదా, కారుమీదా పడుతుంది. 1970లో ఒకసారి మసి పడిన బానెట్‌ను నేను పొడిగుడ్డతో గట్టిగా తుడిచాను. సహాయం చేస్తున్నాననే అనుకున్నాను. మసిలో కనిపించని గరుకు ఉంటుంది. ముందు నీళ్ళు పోసి జారవిడవాలి. వారం క్రితమే మెరుగు పెట్టిన బానెట్‌మీద పిల్లి రక్కినట్టు చారలు పడ్డాయి. నాయన కేకలు వేస్తాడని నేను వణుకుతున్నాను. తాత అరుగుమీదనుంచి లేచివచ్చి, బానెట్ చూసి, తన చెయ్యి చూసుకుని, "ఇది నన్నే వదలలేదు, నీ కారును వదులుతుందా" అన్నాడు. నాయన ఏమీ అనలేదు. మరునాటి ఆదివారం ఇద్దరం కలిసి ఆ బానెట్ మళ్ళీ మొదటినుంచి రుద్దాము.

మేము రుద్దే పద్ధతి ఒకటి ఉన్నది. కారును నీడలోకి తోసుకోవాలి. ఎండలో మైనం పూయకూడదు, రేకు వేడికి వెంటనే బిగుసుకుంటుంది. ఒక్కొక్క జానెడు మేరకు నలభై చుట్లు. నాయన పైకి లెక్కపెట్టేవాడు. ఒకటి, రెండు, మూడు, అలా నలభైదాకా. నలభై కాగానే "తుడువు" అనేవాడు. నేను తుడిచేవాణ్ణి. నాకు తెలుగు అంకెలు వచ్చింది అలాగే. అందుకే నలభైదాకానే వచ్చాయి. చాలా ఏళ్ళ తరువాత సాయంకాలపు తరగతిలో పంతులమ్మగారు వంద లెక్కపెట్టమంటే, నలభైవరకు రైలుబండిలాగ పరుగెత్తి ఠక్కున ఆగిపోయాను. ఆవిడ ఆశ్చర్యపోయారు. తుడవటానికి గుడ్డ కావాలన్నాను.

నవ్వారు, సంతోషం. ఇప్పుడు చెప్పబోయేది నవ్వేది కాదు. ఇంతవరకు మా ఇంట్లో తప్ప బయట చెప్పలేదు.

1976లో నాకు పదహారేళ్ళు. హైస్కూలులో ఇంగ్లీషు వ్యాసరచనలో బహుమతి వచ్చింది. ఆ ఆదివారం మా తరగతివాళ్ళు ఇద్దరు మా వీధిలో వెళుతూ కంచె దగ్గర ఆగారు. నాయన బనీనుమీద, మోకాళ్ళమీద కూర్చుని, పెద్దగొంతుతో లెక్కపెడుతున్నాడు. ఇరవై ఒకటి, ఇరవై రెండు. వాళ్ళలో ఒకడు ఆ మాటలను వెక్కిరిస్తూ తిరిగి పలికాడు. నేను గుడ్డ క్రింద పడేసి, నాయనతో ఇంగ్లీషులో, "ఇంగ్లీషులో మాట్లాడు, అందరూ వింటున్నారు" అన్నాను.

నాయన నావంక చూసి, ఆ జానెడు మేర పూర్తిచేశాడు. పెదవులు కదులుతున్నాయి, శబ్దం లేదు. చివర "తుడువు" అనలేదు. తానే తుడుచుకున్నాడు. ఆనాటినుంచి నాతో ఇంగ్లీషే మాట్లాడాడు. కోపంతో కాదు. కొడుకు అడిగాడు, ఇచ్చాడు, అంతే. ఆయన ఇంగ్లీషు డ్రైవరు ఇంగ్లీషు. "ఎస్, నో, టుమారో, మీ అమ్మను అడుగు." ఇరవైరెండేళ్ళు మేము ఇద్దరం ఆ కాస్త ఇంగ్లీషుతో సరిపెట్టుకున్నాము. అవ్వ అప్పటికే పోయింది. అమ్మ 1981లో పోయింది. తరువాత ఆ ఇంట్లో తెలుగు మాట వినపడలేదు.

1998లో నాయనకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. దానితోపాటు ఇంగ్లీషు పోయింది. రెండుభాషలవారికి ఒక్కొక్కసారి అలా జరుగుతుందని, తరువాత నేర్చుకున్నది పోయి మొదటిభాష మిగలవచ్చునని అక్కడి డాక్టరు చెప్పాడు. నాయన గడగడా మాట్లాడేవాడు. నాకు అక్కడొక మాట, ఇక్కడొక మాట అందేది. ఒక మధ్యాహ్నం ఎడమచేత్తో గాలిలో గుండ్రంగా తిప్పుతూ "మైనం, మైనం" అన్నాడు. కిటికీవైపు చూపి "ఎండ" అన్నాడు. ఎండ అనే మాట నాకు తెలుసు. మైనం అంటే మైనా అనుకున్నాను. డర్బన్‌లో మైనాలకు కొదువా! కిటికీ బయట చెట్టునిండా అవే అరుస్తున్నాయి. తెలుగులో వాటిని గోరువంకలంటారని కూడా నాకు అప్పుడు తెలియదు. పక్షులగోలకూ, ఎండకూ ఆయనకు నిద్రపట్టటంలేదనుకుని లేచి, కిటికీ మూసి, తెర లాగాను. "సరేనా నాయనా, మైనాలు లేవు" అని ఇంగ్లీషులో చెప్పాను. ఆయన తల అటు తిప్పుకున్నాడు. 1999 మార్చిలో పోయాడు.

మేము ఇంట్లో ఈ డబ్బాను సైమనైజ్ అనే అనేవాళ్ళం. మైనం అనే మాట అవ్వకాలపుది. ఆయన నోట నేను చిన్నప్పుడు విన్నానేమో, గుర్తులేదు.

2012లో సాయంకాలపు తరగతిలో చేరాను. ఎందుకు చేరావని అడిగితే, రిటైరయ్యాక కాలక్షేపానికి ఇప్పటినుంచే సిద్ధపడుతున్నానని చెప్పేవాణ్ణి. అయిదవ నెలలో "మ" అక్షరం క్రింద మాటల పట్టిక ఇచ్చారు. మల్లె, మామిడి, మేక, మైనం. ప్రక్కన అర్థం రాసి ఉన్నది. నేను పంతులమ్మగారిని మళ్ళీ చెప్పమన్నాను. ఆవిడ, "మైనమండీ, తేనెపట్టులో ఉంటుంది, కొవ్వొత్తి చేస్తారు, వ్యాక్సు" అన్నారు. ఒంట్లో బాగాలేదని చెప్పి బయటికి వచ్చాను. కారులో కూర్చుని చాలాసేపు ఇల్లు చేరలేకపోయాను.

ఆయన ఏమి అడిగాడో నాకు పూర్తిగా తెలియదు. డబ్బా తెచ్చి పెట్టమన్నాడా? కారు ఎండలో ఉన్నదేమో చూడమన్నాడా? ఆసుపత్రికి నేను వెళ్ళింది ఆ మోరిస్‌లోనే. ఆ రోజు ఎండలోనే నిలిపాను.

1931లో మన పెద్దలు ఆంధ్ర మహాసభ పెట్టినప్పుడు మా తాతవంటివారు ఎన్నో వేలమంది ఇక్కడ తెలుగులోనే బ్రతికేవారు. 1996నాటి మన దేశ రాజ్యాంగంలో తెలుగు పేరు చేర్చారు, గౌరవించి పెంపొందించవలసిన భాషలలో ఒకటిగా. అది గొప్ప సంగతే. నేను తరగతిలో పిల్లలకు ఆ పేజీ చూపిస్తాను. వాళ్ళు మర్యాదకు చూస్తారు. ఈ డబ్బా మూత తీస్తేమాత్రం ఎగబడతారు.

మోరిస్ ఇంకా ఉన్నది. నడుస్తుంది, గుట్ట ఎక్కటానికి మాత్రం కాస్త బ్రతిమాలాలి. ఇప్పుడు మార్కెట్టులో సిరామిక్ పూతలు వచ్చాయి. ఒకసారి పూస్తే ఏళ్ళతరబడి ఉంటుందంటారు. మా అబ్బాయి తన కారుకు అదే వేయించాడు. బాగానే ఉన్నది. నేను తప్పు పట్టను. మోరిస్‌కు మాత్రం మైనమే. ఆ పాత రంగుకు అదే పడుతుంది.

ప్రతినెలా మొదటి శనివారం ఉదయం ఎనిమిది గంటలకు మా ఇంటి వెనక నీడలో తరగతి పిల్లలు ఏడెనిమిదిమంది వస్తున్నారు. ఒకడు పూస్తాడు, ఒకతె తుడుస్తుంది, తక్కినవారు లెక్కపెడతారు. గట్టిగా, వీధిలోకి వినపడేటట్టు. నలభైతో ఆపకుండా వందదాకా సాగిస్తున్నాము. దానివల్ల కారు రంగు కొంచెం ఎక్కువే అరుగుతున్నది, తెలుసు.

మీ పిల్లలనుకూడా పంపండి. పాత నూలు బనీను ఒకటి చేతికిచ్చి పంపండి, బొత్తాలు ఉంటే కత్తిరించి పంపండి, గీతలు పడతాయి. డబ్బాను ఈ బల్లమీదనే ఉంచి వెళుతున్నాను. వాసన చూడాలనుకున్నవారు భోజనాలకు ముందే చూడండి, చేతికి అంటితే సాంబారులో ఆ వాసనే వస్తుంది. మూత బిగుసుకుపోయి ఉంటుంది. ప్రక్కనున్న రెక్కను నాణెంతో తిప్పితే వస్తుంది.

సెలవు.